డబుల్ గ్లాస్ కిటికీ మధ్యలో ఆవిరి పట్టిందా? ఏ రిపేరు పనికొస్తుంది, ఏది డబ్బు దండగ

నమస్కారం అండి. రోడ్డు మోత తగ్గుతుందనో, ఏసీ చల్లదనం నిలుస్తుందనో హైదరాబాద్ ఫ్లాట్లలో చాలామంది యూపీవీసీ కిటికీలకు డబుల్ గ్లాస్ పెట్టించుకున్నారు. కొన్నేళ్లు పోయాక ఒకటే గోల. రెండు గ్లాసుల మధ్య తెల్లగా ఆవిరి పట్టింది, లోపల తుడిచినా పోదు, బయట తుడిచినా పోదు, ఇక కిటికీ మొత్తం మార్చేయాలా అని. బజార్లో దీనికి మూడు రిపేర్లు చెప్తారు: గ్లాసుకి కన్నం పెట్టి ఆరబెట్టడం, గ్లాసు యూనిట్ (అంటే అంచుల్లో అతికించిన రెండు గ్లాసుల జత) ఒక్కటే మార్చడం, కిటికీ మొత్తం పీకేసి కొత్తది పెట్టడం. ఈ మూడింటికీ ఇవాళ మార్కులు వేద్దాం.

ముందు అసలు జబ్బు ఉందో లేదో చూసుకోండి. గ్లాసుని లోపలివైపు వేలితో తుడవండి. తడి అంటితే అది మీ గదిలో తేమే. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, గదిలో బట్టలు ఆరేయడం మానండి, సరిపోతుంది. బయటివైపు తడి ఉన్నా కంగారు లేదు. విశాఖ లాంటి ఊళ్లో వానాకాలం రాత్రి ఏసీ 20 లో పెట్టి పడుకుంటే, పొద్దున్నకి గ్లాసు బయట అంచుల వెంబడి పట్టీలాగా తేమ కనిపించొచ్చు. అంచుల్లోనే ఎందుకంటే, రెండు గ్లాసుల మధ్య చుట్టూ తిరిగే పట్టీ సాధారణంగా అల్యూమినియంది, లోపలి చల్లదనాన్ని అది బయటికి లాగేస్తుంది. ఎండ తగలగానే ఆరిపోతుంది. రెండు వైపులా తుడిచినా పోకపోతేనే యూనిట్ పోయినట్టు.

మొదట్లో అది పొద్దున పూటే కనిపించి మధ్యాహ్నానికి మాయమవుతుంది. అందుకే చాలామంది పట్టించుకోరు. నెలలు గడిచేకొద్దీ లోపలి ముఖం మీద సున్నం మరకల్లాగా తెల్లటి చారలు తేలతాయి. అది మురికి కాదు, తేమ ఊరి ఊరి గ్లాసు పైపొరే తినేసింది. అక్కడిదాకా వచ్చాక ఏ మందు వేసినా ఆ గ్లాసు మళ్లీ తేటపడదు.

ఇదిగో, పాత యూనిట్ మూల ముక్క ఇది. కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను. రెండు గ్లాసులు, ఒక్కోటి 5 ఎంఎం. మధ్యలో 12 ఎంఎం అల్యూమినియం గొట్టం, దాన్నే స్పేసర్ అంటారు. గొట్టం లోపల చూడండి, సన్నటి గుళికలు. లోపల ఉన్న కాస్త తేమని పీల్చుకోవడం వాటి పని. స్పేసర్‌కీ గ్లాసుకీ మధ్య ఈ సన్నటి నల్ల గీత బ్యూటైల్, తేమని ఆపేది ప్రధానంగా ఇదే. దాని వెనక ఈ మందపాటి నల్ల పూత పాలీసల్ఫైడ్, కొన్నిట్లో సిలికాన్ ఉంటుంది. రెండు గ్లాసుల్నీ పట్టి ఉంచేది ఇది.

పగలు ఎండకి లోపలి గాలి ఉబ్బుతుంది, రాత్రి ముడుచుకుంటుంది. రోజూ అంచు మీద ఈ లాగుడు ఉంటూనే ఉంటుంది. మంచి యూనిట్ దీన్ని ఏళ్ల తరబడి తట్టుకుంటుంది. తట్టుకోలేనిది ఒకటుంది: నిలవ నీళ్లు. ఫ్రేము అడుగున నీళ్లు నిలిచి ఆ నల్ల పూత రోజుల తరబడి నానితే, గ్లాసుని పట్టుకున్న పట్టు వదులుతుంది. గుళికలు తేమ తాగీ తాగీ నిండిపోతాయి, ఆ తర్వాత మీకు ఆవిరి కనిపిస్తుంది. కాబట్టి గ్లాసు మార్చి నీళ్ల దారి బాగుచేయకపోతే, కొత్త గ్లాసుకీ అదే గతి.

ఇక మార్కులు. కన్నం పెట్టి ఆరబెట్టడం: పదికి ఒకటి. గ్లాసుకి చిన్న కన్నం పెట్టి, లోపల కడిగి, ఆరబెట్టి, గాలి ఆడే చిన్న మూత బిగిస్తారు. చూపు కొన్నాళ్లు తేటగా ఉంటుంది, ఆ ఒక్క మార్కు దానికే. గుళికలు నిండినవి నిండినట్టే, ఊడిన అంచు ఊడినట్టే. పైగా మన దగ్గర బాల్కనీ తలుపులు, పెద్ద కిటికీలు చాలావరకు టఫెన్డ్ గ్లాసు, అంటే కాల్చి గట్టిపరిచింది. దానికి డ్రిల్లు తగిలితే కన్నం పడదు, గ్లాసంతా గులకరాళ్లలాగా రాలిపోతుంది. మూలలో ముద్ర ఉందేమో చూడండి, ఉంటే ఆ ఆలోచన అక్కడితో ఆపేయండి.

కిటికీ మొత్తం మార్చడం: పదికి మూడు. ఫ్రేము వంకరపోయినా, మూలల్లో వెల్డింగ్ విడిపోయినా తప్ప దీని అవసరం లేదు. గోడ పగలాలి, ప్లాస్టరింగు, పెయింటు, ఆ తతంగమంతా మీదే.

గ్లాసు యూనిట్ ఒక్కటే మార్చడం: పదికి తొమ్మిది. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, చేసేవాళ్లు సగం మంది అడుగున చూడరు. దీని మీదే కాస్త ఎక్కువసేపు మాట్లాడదాం.

పని మొదలుపెట్టే ముందు బరువు లెక్క కట్టండి. ఒక చదరపు మీటరు గ్లాసు, 1 ఎంఎం మందానికి రెండున్నర కిలోలు. 5 ఎంఎంవి రెండు అంటే చదరపు మీటరుకి 25 కిలోలు. 1.2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తు ఉన్న షట్టర్లో, అంటే కిటికీ తెరిచే రెక్కలో, గ్లాసు ఒక్కటే 45 కిలోలు. ఒక్కరితో అయ్యే పని కాదు. ఇద్దరు మనుషులు, రెండు సక్షన్ కప్పులు, గ్లౌజులు కావాలి. పై అంతస్తుల్లో బయటికి తెరుచుకునే షట్టర్ అయితే మీరు చేయొద్దు, కిటికీలు తయారుచేసే ఫాబ్రికేటర్‌ని పిలవండి.

కొలత ఎలా తీయాలంటే, ముందు బీడింగ్, అంటే గ్లాసుని ఫ్రేములో పట్టి ఉంచే పట్టీలు, ఊడదీయాలి. పల్చటి పుట్టీ బ్లేడుని పొడుగు బీడింగ్ నడిమధ్యలో, బీడింగ్‌కీ ఫ్రేముకీ మధ్య సందులో పెట్టాలి. గ్లాసు వైపు సందులో కాదు. రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి బ్లేడు తిప్పితే టక్కుమని లేస్తుంది. మొదట పొడుగువి రెండూ, తర్వాత పొట్టివి రెండూ. ఏది ఎక్కడిదో వెనకాల మార్కర్‌తో రాసుకోండి. తీస్తున్నంతసేపూ రెండో మనిషి గ్లాసు మీద చెయ్యి తీయకూడదు, చివరి బీడింగ్ రాగానే గ్లాసు లోపలికి ఒరుగుతుంది.

గ్లాసు కూర్చునే గాడిని వెడల్పులో మూడు చోట్ల, ఎత్తులో మూడు చోట్ల కొలవండి. అన్నిట్లో తక్కువ వచ్చింది తీసుకుని 10 ఎంఎం తగ్గించండి. అంటే నాలుగు వైపులా 5 ఎంఎం ఖాళీ. ఆర్డరు ఇచ్చేటప్పుడు ముందు వెడల్పు, తర్వాత ఎత్తు చెప్పి, ఏది ఏదో కాగితం మీద రాసివ్వండి. మందం దగ్గర మాత్రం రాజీ లేదు. 5, 12, 5 కలిస్తే 22. 6, 12, 6 కలిస్తే 24. బీడింగ్ ఆ మందానికి తగ్గట్టే ఉంటుంది. 22 ఉన్న చోటికి 24 తెస్తే బీడింగ్ కూర్చోదు, 20 తెస్తే రబ్బరు వదులై వాన లోపలికి దిగుతుంది.

ఇంకోటి కూడా అడగాలి: పాత గ్లాసుకి వేడిని ఆపే కోటింగ్ ఉందా? రాత్రి పూట గది లోపల నిలబడి లైటర్ వెలిగించి గ్లాసు దగ్గర పెట్టండి. నాలుగు మంటలు కనిపిస్తాయి, నాలుగు ముఖాలకి నాలుగు. అందులో ఒకటి వేరే రంగులో ఉంటే కోటింగ్ ఉన్నట్టు. మీ వైపు నుంచి లెక్కపెడితే అది మూడోది కావాలి, అంటే బయటి గ్లాసుకి లోపలి ముఖం. మన ఎండలకి వేడిని బయటే ఆపాలంటే అక్కడే ఉండాలి. లండన్‌లో, చలి దేశాల్లో ఉన్నవాళ్లకి సాధారణంగా లోపలి గ్లాసు మీద, మీ వైపు నుంచి రెండోదిగా ఉంటుంది, ఎందుకంటే వాళ్లు గది వేడిని పోనివ్వకూడదు. కొత్త యూనిట్ తిరగేసి బిగిస్తే కోటింగ్‌కి పెట్టిన డబ్బులో చాలా భాగం వృథా. బయటి ముఖం మీద స్టిక్కర్ వేసి పంపమనండి.

ఇప్పుడు గ్లాసు తీశాక ఖాళీ గాడిలోకి చూడండి. ఇక్కడే అసలు సంగతి. టార్చి వేస్తే మూలల్లో సిమెంటు పొడి, పెయింటు పెళ్లలు, యూపీవీసీ కోసినప్పటి తరుగు కనిపిస్తాయి. అన్నీ బ్రష్షుతో, వాక్యూమ్‌తో తీసేయండి. అడుగున నీళ్లు పోవడానికి సన్నటి పొడుగు కన్నాలు ఉంటాయి. గట్టి తీగ దూర్చి చూడండి. స్లైడింగ్ కిటికీకి ఈ కన్నాలు రెండు చోట్ల ఉండాలి: కింద ట్రాక్‌లో ఒకటి, షట్టర్ అడుగున ఇంకోటి. ట్రాక్‌వి అందరూ శుభ్రం చేస్తారు, షట్టర్‌వి ఎవరికీ గుర్తుండవు. కొన్ని షట్టర్లకి ఆ కన్నాలు అసలు కొట్టనే కొట్టరు.

ఇదిగో, మగ్గుతో నీళ్లు ట్రాక్‌లో పోస్తున్నాను. చూడండి, బయట నీళ్ల కన్నం మీది మూత కింద నుంచి ధార కట్టి పోతోంది. ఇలా వెంటనే పోవాలి. నీళ్లు నిలిచి మెల్లగా దిగుతుంటే ఎక్కడో మూసుకుంది. బయట ఫ్రేము చుట్టూ సిలికాన్ కొట్టినవాళ్లు ఈ మూత మీద కూడా కొట్టేసి ఉంటారు, అది కోసేయండి. లీకేజీ ఆపుతున్నామనుకుని నీళ్ల దారే మూసేయడం మన దగ్గర సర్వసాధారణం.

తర్వాత ప్యాకర్లు. గ్లాసు నేరుగా ఫ్రేము మీద కూర్చోకూడదు, కింద 5 ఎంఎం ప్లాస్టిక్ ప్యాకర్లు రెండు ఉండాలి, మూలలకి 10 సెంటీమీటర్ల లోపలికి. వాటి వెడల్పు రెండు గ్లాసులకీ సరిపోవాలి. ఇరుకు ప్యాకర్ పెడితే ఒక గ్లాసు దాని మీద నిలబడుతుంది, రెండో గ్లాసు గాల్లో వేలాడుతుంది. ఇందాకటి లెక్కలో సగం, ఇరవై రెండున్నర కిలోల బరువు, ఆ నల్ల పూత ఒక్కటే మోయాలి, కొన్నాళ్లకి జారిపోతుంది. చెక్క ముక్కలు పెట్టకండి, నానితే ఉబ్బుతాయి. ప్యాకర్ కిందపడి నీళ్ల కన్నం మూయకుండా చూడండి. కీలు మీద తిరిగే షట్టర్ అయితే కింద కీలు వైపు మూలలో ఒకటి, దానికి ఎదురుగా పైన హ్యాండిల్ వైపు మూలలో ఒకటి బిగువుగా పెట్టాలి. గ్లాసే అడ్డబద్దలాగా షట్టర్‌ని పట్టి ఉంచుతుంది. ఇది చేయకపోతే హ్యాండిల్ వైపు కిందికి వాలి ఫ్రేముకి రాసుకుంటుంది.

కొత్త యూనిట్ రాగానే దింపుకునే ముందే అంచు చూడండి. బ్యూటైల్ గీత చుట్టూ తెగకుండా ఉండాలి. మూలల్లో నల్ల పూత నిండుగా ఉండాలి, గుంటలుంటే తిప్పి పంపేయండి. బిగించేటప్పుడు పొట్టి బీడింగులు ముందు, పొడుగువి చివర, మధ్యలో కాస్త వంచి రెండు కొసలు దూర్చి తట్టండి. సిలికాన్ అవసరమైతే న్యూట్రల్ రకమే అడగండి. వెనిగర్ వాసన వచ్చే చౌక రకం యూనిట్ అంచు పూతని పాడుచేస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. స్లైడింగ్ షట్టర్ లాగలేనంత బరువైతే ముందు రోలర్ల మీద అనుమానపడండి. సింగిల్ గ్లాసుకి సరిపోయే రోలర్లే డబుల్ గ్లాసుకీ వేసేస్తే బేరింగు నలిగిపోతుంది. కొత్తవి కొనేటప్పుడు ఎన్ని కిలోలు మోస్తాయో అడిగి, రెండు చక్రాల రకం తీసుకోండి. సముద్రం దగ్గర ఉంటే స్టెయిన్‌లెస్ స్టీల్‌వే తీసుకోండి. షట్టర్ పక్క అంచులో కింద ఉండే కన్నంలో స్క్రూ తిప్పితే ఎత్తు సరిపోతుంది, రెండు వైపులా సమానంగా తిప్పండి.

రబ్బరు గాస్కెట్ మూలల్లో కురచైతే అతికించి లాభం లేదు. అంగుళం ముక్క కోసి షాపులో చూపించి అదే ఆకారం తెచ్చుకోండి. లాగి బిగించొద్దు, కాస్త ఎక్కువ పొడుగు తీసుకుని లోపలికి నెడుతూ కూర్చోబెట్టండి. లాగి బిగించిందే రేపు మళ్లీ కురచవుతుంది.

డబుల్ గ్లాస్ వేసినా మోత తగ్గలేదంటే, గ్లాసుని తిట్టే ముందు రాత్రిపూట ఫ్రేము చుట్టూ చెయ్యి పెట్టి చూడండి. గోడకీ ఫ్రేముకీ మధ్య ఫోమ్ నింపకుండా పైపైన సిలికాన్ గీసి వదిలేసి ఉంటే శబ్దం అక్కడినుంచే వస్తుంది. స్లైడింగ్‌లో బ్రష్షు లాంటి పట్టీ అరిగినా అంతే. ఎలాగూ యూనిట్ మారుస్తున్నారంటే రెండు గ్లాసులూ ఒకే మందం కాకుండా 6, 12, 4 అడగండి. మొత్తం 22 ఎంఎంలోనే సరిపోతుంది, మోత ఇంకాస్త తగ్గుతుంది. పెద్ద షట్టర్లకి 4 ఎంఎం పనికొస్తుందో లేదో సైజు చెప్పి ఫాబ్రికేటర్‌ని అడిగే ఆర్డర్ ఇవ్వండి.

పగుళ్ల సంగతి. ఒక చోట నుంచి నక్షత్రంలాగా పగిలితే ఏదో తగిలినట్టు. అంచుకి లంబంగా మొదలై మెలికలు తిరుగుతూ లోపలికి పోతే అది వేడి పగులు. ఎండ కిటికీకి గది లోపల నుంచి నల్ల సన్ ఫిల్మ్ అంటిస్తే సాదా గ్లాసు ఇలాగే పగలొచ్చు. గ్లాసు మధ్య భాగం కాగిపోతుంది, ఫ్రేములో దాక్కున్న అంచు చల్లగా ఉంటుంది. డబుల్ గ్లాసుకి ఫిల్మ్ అంటించమని వచ్చినవాళ్లని, ఇది టఫెన్డా సాదానా చూశావా బాబూ అని ముందు అడగండి.