బేరం నడుస్తున్న రోజులు

శ్రోతలకు నమస్కారం.

ఫలానా కంపెనీ అమ్ముడుపోయింది, ఇన్ని కోట్లు వచ్చాయట అని పేపర్లో ఒక్క ముక్కలో చదివేస్తాం. ఆ ఒక్క ముక్క వెనక ఆరు నెలలో, తొమ్మిది నెలలో ఉంటాయి. నేను కూడా ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి, కొన్నేళ్లు నడిపి, ఇంకొకరికి అమ్మినవాణ్ణే. ఎంతకు అమ్మానో మాత్రం అడక్కండి, చెప్పనని సంతకం పెట్టాను. ఆ రోజులు ఎలా గడిచాయో చెబుతాను.

పొద్దున కళ్లు తెరవగానే ఫోన్ తీసేవాణ్ణి. రాత్రి డేటా రూమ్‌లోకి ఎవరొచ్చారో చూడ్డానికి. డేటా రూమ్ అంటే పూర్వం నిజంగానే ఓ గది. కంపెనీ కాగితాలన్నీ అందులో పెడితే, కొనేవాళ్ల తరఫు లాయర్లు వచ్చి అక్కడే కూర్చుని చదువుకునేవారు. ఇప్పుడదంతా ఇంటర్నెట్‌లోనే. ఏ ఫైలు ఎవరు, ఎన్ని గంటలకు తెరిచారో అమ్మేవాడికి కనిపిస్తుంది. నా కొంప ముంచింది అదే. ఒకసారి అర్ధరాత్రి దాటాక ఎవరో మా పాత ఆడిట్ రిపోర్టు నాలుగుసార్లు తెరిచారు. ఏం దొరికిందో, ఏం అడుగుతారోనని తెల్లారేదాకా ఆ రిపోర్టు నేనూ చదువుతూ కూర్చున్నాను. తీరా కనుక్కుంటే, వాళ్లలో ఒకాయనకి ఫైలు సరిగ్గా డౌన్‌లోడ్ కాలేదట.

పది గంటలకి ఆఫీసు. అక్కడ ఈ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే, నేను, అకౌంట్స్ చూసే ఆయన. ఇంత గుట్టు ఎందుకంటే, అమ్మకం మాట బయటికి పొక్కితే మంచి ఇంజినీర్లు ముందే వేరే ఉద్యోగాలు చూసుకుంటారు. పోటీ కంపెనీ వాళ్లు మా కస్టమర్ల దగ్గరికెళ్లి, 'వాళ్లే అమ్ముకుని పోతున్నారు, రేపు మీకు సపోర్ట్ ఎవరిస్తారు?' అంటారు. బేరం కుదరకపోతే మిగిలేది చితికిన కంపెనీయే. అందుకని నోరు మూసుకోవాలి. మూసుకుని, 'వచ్చే ఏడాది ప్లాన్ ఏంటి సార్?' అని అడిగిన కుర్రాడికి బోర్డు మీద బొమ్మలు గీసి మరీ వివరించాలి. నేను అబద్ధం ఆడలేదు, మాట దాటేశానంతే. ఆ రెండింటికీ తేడా ఉందని అప్పట్లో గట్టిగా నమ్మేవాణ్ణి.

మధ్యాహ్నం నుంచి ప్రశ్నల వరస. లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని ఒక కాగితం ఉంటుంది. సుమారు ఇంత ధరకు కొంటాం అని రాసుకునేది. ధర వరకు అది చాలాసార్లు చట్టపరంగా కట్టుబడే మాట కాదు. కానీ అందులోనే, ఇన్ని రోజులు మీరు ఇంకెవరితోనూ మాట్లాడకూడదు అని ఒక షరతు ఉంటుంది చూశారూ, దానికి మాత్రం కట్టుబడాల్సిందే. సంతకం పెట్టేదాకా బలం మనది. పెట్టిన మర్నాటి నుంచి వాళ్లది.

ఇక తవ్వకం మొదలు. కస్టమర్ల ఒప్పందాల్లో, యజమాని మారితే మా అనుమతి కావాలి అని ఎక్కడైనా ఉందా? ఇంజినీర్లు ఎక్కడినుంచో ఉచితంగా తెచ్చి కలిపిన కోడ్ ఏమైనా ఉందా? ఈ రెండోది తేలిక ప్రశ్న కాదు. జీపీఎల్ లాంటి లైసెన్స్ ఉన్న కోడ్‌ని మన ప్రోగ్రామ్‌లో కలిపి బయటికి ఇస్తే, మన సోర్స్ కోడ్ కూడా అదే షరతు మీద ఇవ్వాల్సి రావచ్చు. అంటే వాళ్లు డబ్బు పోసి కొంటున్నది ఊరందరికీ ఉచితం కావచ్చన్నమాట. మా కోడ్ మొత్తాన్ని ఒక స్కానర్‌తో జల్లెడ పట్టారు. విసుక్కున్నాను గానీ, వాళ్ల భయానికీ కారణం ఉంది. 2011లో కంప్యూటర్లు తయారుచేసే హెచ్‌పీ, అటానమీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని సుమారు 1,100 కోట్ల డాలర్లకు కొంది. ఏడాది తిరిగాక, 2012లో, 880 కోట్ల డాలర్లు నష్టం కింద రాసుకుంది. అలాంటి కథ విన్నవాడు ప్రశ్నలు అడక్క ఏం చేస్తాడు?

అన్నిటికన్నా నన్ను కుదిపింది వేరే. ఈ జవాబులు రాస్తూ కూర్చుంటే అమ్మకాలు చూసేదెవరు? ఒక నెల మాకు రావలసిన పెద్ద ఆర్డర్ వెనక్కి జరిగింది. వెంటనే అవతలి నుంచి ఫోన్, ధర మళ్లీ మాట్లాడుకుందామని. కంపెనీ అమ్మే పని వల్ల కంపెనీ పని కుంటుపడింది, అది కుంటుపడినందుకు ధర తగ్గింది! ఆ రోజు లేచి వచ్చేద్దామనుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది బీ అనే కంపెనీ సంగతి. 1996లో యాపిల్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ అవసరమైంది. ఒకప్పుడు యాపిల్‌లోనే పెద్ద హోదాలో పనిచేసిన జాన్ లూయీ గాసే పెట్టిన కంపెనీ బీ. దాంతో బేరం నడిచింది, ధర దగ్గర ఆగింది. ఈలోగా స్టీవ్ జాబ్స్ కంపెనీ నెక్స్ట్ రంగంలోకి దిగింది. ఆ డిసెంబర్‌లో యాపిల్ దాన్ని 40 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2001లో బీ ఆస్తులు పామ్ కంపెనీకి అమ్ముడుపోయాయి, కోటీ పది లక్షల డాలర్లకు. గాసే అత్యాశకు పోయాడని అంటూంటారు. ఆ కుర్చీలో కూర్చున్నాక నేనా మాట అనలేను. కొనేవాడి గుమ్మంలో ఇంకెవరు నిలబడ్డారో అమ్మేవాడికి ఎలా తెలుస్తుంది?

నేను లేచి రాలేదు. కొంచెం తగ్గాను. వచ్చే డబ్బులో కొంత భాగం ఎస్క్రో ఖాతాలో, అంటే ఇద్దరికీ కాని మూడోవాళ్ల చేతిలో ఉండే ఖాతాలో, ఏడాదికి పైగా ఉంచడానికి కూడా ఒప్పుకున్నాను. మనం చెప్పినవాటిలో ఏదైనా తప్పని తేలితే అందులోంచి కోసుకుంటారు. కాబట్టి అమ్మేసినా నిద్ర పట్టదు, అది వేరే సంగతి.

ఇంట్లో మనిషిని మనిషిలా చూసింది లేదు. భోజనం దగ్గర కూర్చుని లెక్కలు వేసుకునేవాణ్ణి. మా ఆవిడ ఒకరోజు, 'అమ్మితే అమ్మండి, మానితే మానండి, మాట్లాడితే మాత్రం మాతో మాట్లాడండి' అంది.

చివరికి సంతకాలయ్యాయి. మర్నాడు అందర్నీ పిలిచాను. నాలుగు రోజులుగా అద్దం ముందు అనుకున్న మాటలు, సగం మరిచిపోయి, సగం తడబడుతూ చెప్పాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. వెనక నిలబడ్డ టెస్టింగ్ అమ్మాయి అంది, 'రెండు నెలల కిందటే అనుకున్నాం సార్. ఇన్నేళ్ల తర్వాత మేం రాసిన కోడ్ కంపెనీదేనని కొత్తగా సంతకాలు అడిగారు కదా.'

అవును. కొనేవాళ్ల లాయర్లు అడిగారని ఆ కాగితాలు నేనే పంచాను.

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఆ అమ్మాయే మళ్లీ అడిగింది, 'అయితే సార్, రేపటి రిలీజ్ ఉన్నట్టా, లేనట్టా?'