పల్లెను నిలబెట్టింది గేటు!

ప్రేక్షక మిత్రులకు నమస్కారం. లండన్‌లోని డలిచ్ విలేజ్ కూడలిని అక్కడి స్థానిక పాలక సంస్థ సదర్క్ కౌన్సిల్ 2020లో కార్లకు మూసివేసినప్పటి నుంచి సాగుతున్న రగడ మీకు తెలిసిందే. గాలి బాగుపడిందని ఒక వర్గం మురిసిపోతుంటే, ఆ వాహనాలన్నిటినీ క్రాక్స్‌టెడ్ రోడ్డు మీదికి తోలారని మరొక వర్గం మండిపడుతోంది. ఇరువర్గాలూ అసలు సంగతిని పక్కన పెట్టి అరుచుకుంటున్నాయన్నదే నా అభియోగం. ఎనభై తొంభై లక్షల జనాభా ఉన్న మహానగరంలో డలిచ్ ఇంకా పల్లెలా కనిపిస్తోందంటే, ఆ ఘనత అక్కడి ఇరుగుపొరుగు ఆప్యాయతది కాదు, గేటుది!

అదే పేటలో, కాలేజ్ రోడ్డు మీద, 1789 నాటి టోల్ గేటు ఇప్పటికీ పనిచేస్తోంది. కారులో వచ్చినవారు సొమ్ము చెల్లించి ముందుకు సాగుతారు, నడిచి వచ్చినవారికీ సైకిలు తొక్కేవారికీ రుసుము ఉండదు. గొర్రెలకూ పందులకూ ఇరవైకి ఇంత చొప్పున సుంకం రాసిన పాత పలక కూడా అక్కడే ఉంది. పంది చేత కూడా పైకం కట్టించిన పేట ఇది! కౌన్సిల్ పెట్టిన అడ్డంకి ఘోరమని ఊగిపోయే పెద్దమనుషులు డలిచ్ ఎస్టేటు నడిపే ఈ టోల్ గేటును మాత్రం మురిపెంగా వారసత్వ సంపద అంటారు.

ఎస్టేటు అన్నాను కదా, కథంతా దానిదే. ఎడ్వర్డ్ అలెన్ అనే రంగస్థల నటుడు 1605లో ఈ జమీను కొని, 1619లో దానిని ఒక ధర్మసంస్థకు రాసి ఇచ్చాడు. నేటి డలిచ్ ఎస్టేట్ దాని వారసురాలే. అద్దె నేల మీద ఇల్లు ఉన్నవారు ఆ నేలను కూడా కొనుక్కోవచ్చని 1967లో పార్లమెంటు చట్టం చేసినప్పుడు ఎస్టేటు పట్టు సడలిపోవలసింది. కానీ 1974లో వచ్చిన నిర్వహణ పథకం పుణ్యమా అని, పైసాతో సహా చెల్లించి కొనుక్కున్న యజమాని కూడా ఈనాటికీ ఎస్టేటు అనుమతి లేకుండా తన పెరటిలోని చెట్టు కొట్టలేడు, ఇంటి ముఖం మార్చలేడు. ఇంటికి యజమాని కావడమే స్వేచ్ఛ అని దేశమంతటా చాటిన బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ 1985లో ఇల్లు కొన్నది కూడా డలిచ్‌లోనే. పదవి దిగాక ఆవిడ ఇక్కడ ఎక్కువ కాలం నిలవలేదు లెండి.

ఇక డబ్బు తిరిగే దారి చూడండి. ఎస్టేటు ఆదాయంలో వాటా డలిచ్ కాలేజీకీ, అలెన్స్ పాఠశాలకూ వెళుతుంది. ఆ బడుల పేరు చూసి సంపన్న కుటుంబాలు ఈ పేటకు ఎగబడతాయి. ఇళ్ల ధరలు పెరిగిన కొద్దీ పల్లె రూపాన్ని చెక్కుచెదరకుండా కాపాడాలన్న పట్టుదల యజమానులలోనే పెరుగుతుంది. పచ్చని గడ్డి, తెల్లని దారిసూచికలు, పాత చెట్లు అన్నీ ఈ లెక్కలోని ఆస్తులే. అందువల్ల కూడలి తగాదా కారుకూ సైకిలుకూ మధ్యది కానే కాదు. నాలుగు శతాబ్దాలుగా తలుపు తాళం తన దగ్గరే ఉంచుకున్న పేటలో మరొకరు వచ్చి కొత్త తాళం వేశారు, కోపమంతా అందుకే.

నా వాదన తప్పంటే కామెంట్లలో తిట్టండి, కానీ ముందు ఒక్క పని చేయండి. కూడలి తెరవాలని నినదిస్తున్నవారిలో ఎవరైనా కాలేజ్ రోడ్డు టోల్ గేటును కూడా ఎత్తివేయమని ప్లకార్డు పట్టుకుంటే, ఆ ఫొటో నాకు పంపండి. తదుపరి వీడియో ఆయన పక్షానే చేస్తాను.