అమెరికా అధ్యక్షుణ్ణి ఖాయం చేసే ఆరు కాగితాలు

2004 డిసెంబరు. మిన్నెసోటా రాజధాని సెయింట్ పాల్‌లో పదిమంది ఎలక్టర్లు అధ్యక్షుడి పేరు చీటీల మీద రాశారు. అందరూ డెమొక్రాట్లే, కాబట్టి పది ఓట్లూ ఆ పార్టీ అభ్యర్థి జాన్ కెర్రీకే రావాలి. లెక్కపెడితే తొమ్మిదే ఉన్నాయి. పదో చీటీలో ‘జాన్ ఎవర్డ్స్’ అని ఉంది. ఉపాధ్యక్ష అభ్యర్థి జాన్ ఎడ్వర్డ్స్ పేరది, అందులోనూ ఒక అక్షరం ఎగిరిపోయింది. చీటీల మీద సంతకాల్లేవు, రాసిందెవరో బయటపడలేదు. కెర్రీ లెక్క 252 నుంచి 251కి దిగింది. ఆయన ఎలాగూ ఓడిపోయారు గనక సరిపోయింది. తర్వాత మిన్నెసోటా చట్టం మార్చుకుంది.

ఇంతకీ ఎవరీ ఎలక్టర్లు? నవంబరు బ్యాలెట్ మీద కనిపించేది అభ్యర్థుల పేర్లే గానీ, జనం వేసిన ఓటు ఆ పార్టీ ముందే ఇచ్చిన ఎలక్టర్ల జాబితాకి వెళ్తుంది. అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) రెండు సభల్లో ప్రతినిధుల సభ సీట్ల లెక్కన 435, సెనేట్ లెక్కన 100, వాషింగ్టన్ డీసీకి 3, మొత్తం 538 మంది. గెలుపుకి 270 కావాలి. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఎలక్టర్లంతా వాళ్లకే. 2000 ఎన్నికల్లో ఫ్లోరిడాలో జార్జ్ బుష్ ఆధిక్యం 537 ఓట్లు. దాంతో 25 మంది ఎలక్టర్లూ ఆయన వైపు వచ్చారు. దేశం మొత్తమ్మీద ప్రత్యర్థి అల్ గోర్‌కి అయిదు లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చినా ఓడిపోయారు.

ఇప్పుడు డిసెంబరు పని చూద్దాం, టీవీల్లో పెద్దగా చూపించరు గానీ అసలు ఎన్నిక ఇదే. నెలలో రెండో బుధవారం దాటాక వచ్చే మొదటి మంగళవారం ఎలక్టర్లు ఎవరి రాష్ట్రంలో వాళ్లే కలుస్తారు, వాషింగ్టన్ వెళ్లరు. 2024లో అది 17వ తేదీ. అధ్యక్షుడికి ఒక ఓటు, ఉపాధ్యక్షుడికి విడిగా ఇంకోటి. ఫలితం రాసి ఒకేలాంటి ఆరు సర్టిఫికెట్లు తయారుచేసి, ఆరింటి మీదా సంతకాలు పెడతారు. ఒక్కోదానికీ గవర్నర్ ధ్రువీకరణ జతచేసి సీలు వేస్తారు. ఒకటి సెనేట్ అధ్యక్షుడికి (అంటే దేశ ఉపాధ్యక్షుడికే), రెండు ప్రభుత్వ పత్రాలు భద్రపరిచే జాతీయ ఆర్కైవిస్ట్‌కి, రెండు రాష్ట్రంలో ఎన్నికలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కి, ఒకటి అక్కడి ఫెడరల్ జడ్జికి. దారిలో ఒకటి పోయినా వేరేచోట అసలు ప్రతే దొరకాలి, అందుకే ఇన్ని.

జనవరి 6న వాటిని ఉభయ సభల ముందు విప్పి చదువుతారు. 2021లో ఆ రోజే ట్రంప్ మద్దతుదారుల గుంపు పార్లమెంటు భవనం లోపలికి చొరబడుతుంటే సెనేట్ సిబ్బంది ఆ కాగితాలున్న చెక్కపెట్టెల్ని మోసుకుని బయటపడ్డారు. వాళ్లు చేసింది చిన్న పని కాదు. అప్పట్లో ఏ రాష్ట్రం లెక్క మీదైనా అభ్యంతరం పెట్టడానికి సభకొక సభ్యుడు సంతకం చేస్తే చాలు. 2022 చట్టం ప్రకారం ఇప్పుడు ప్రతి సభలోనూ అయిదో వంతు సభ్యులు కావాలి.

మరి 269-269 అయితే? అధ్యక్షుణ్ణి ప్రతినిధుల సభ ఎన్నుకుంటుంది, కానీ రాష్ట్రానికి ఒకటే ఓటు. 52 మంది సభ్యులున్న కాలిఫోర్నియాకీ ఒకటే, ఒక్కరే ఉన్న వయోమింగ్‌కీ ఒకటే. 26 రాష్ట్రాలు కావాలి. రాష్ట్రం సభ్యులు చెరిసగం చీలితే ఆ ఓటు ఎవరికీ పడదు. జనవరి 20 మధ్యాహ్నం 12కి పాత అధ్యక్షుడి పదవి ముగుస్తుంది. అప్పటికీ తేలకపోతే, సెనేట్ ఎన్నుకున్న ఉపాధ్యక్షుడే అధ్యక్షుడి బాధ్యతలు చూస్తాడు.