పాట కన్నా రిహార్సలే రుచి

శ్రోతలకు నమస్కారం. ఈవేళ 1933 నాటి రెండు హాలీవుడ్ పాటల సినిమాల గురించి. రెండూ నాటకం వేసేవాళ్ళ తెరవెనుక కథలే.

ఒంటినిండా నాణేల అలంకారంతో అమ్మాయిలు డబ్బుకు మనకేం లోటని పాడుతూ ఆడుతుంటారు. పాట పూర్తికాకముందే షెరీఫ్ మనుషులు వచ్చిపడతారు. నాటక నిర్మాత బాకీలు కట్టలేదట! సెట్లు, దుస్తులు అన్నీ జప్తు. వార్నర్ బ్రదర్స్ వారి ‘గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933’ ఇలా మొదలవుతుంది. ఆ తర్వాత చూస్తే, పని పోయిన ముగ్గురమ్మాయిలు ఒకే గదిలో ఉంటారు. వాళ్ళలో ఒకామె కిటికీలోంచి పట్టకారు చాచి పక్కవాళ్ళ పాలసీసా లాగేస్తుంది.

అప్పుడు అమెరికాలో ఆర్థిక మహా మాంద్యం. దాదాపు నలుగురిలో ఒకరికి పని లేదు. అందుకే ఈ తెరవెనుక కథల్లో నాకు నచ్చేది తళుకుబెళుకులు కాదు, పని కోసం పడే తాపత్రయం. అదే ఏడాది వచ్చిన ‘ఫార్టీ సెకండ్ స్ట్రీట్’ చూడండి. సినిమాలో చాలా భాగం రిహార్సల్సే. చెమటలు, తిట్లు, కాళ్ళనొప్పులు. కథలోని నాటక దర్శకుడు జూలియన్ మార్ష్‌కు ఒంట్లో బాగోదు, చేతిలో డబ్బు లేదు. ప్రదర్శన రేపనగా హీరోయిన్ చీలమండ విరుగుతుంది. కోరస్‌లోని కొత్తమ్మాయిని నిలబెట్టక తప్పదు. ఆ వేషం వేసిన రూబీ కీలర్ మహా డాన్సరేమీ కాదు, మధ్యమధ్యలో కాళ్ళవైపు చూసుకుంటుంది కూడా. అయినా ఆ తడబాటే పాత్రకు అతికినట్టు సరిపోయింది. ఇంతా చేసి ఆట హిట్టయ్యాక, బయటికొస్తున్న జనం అంటారు: ఆ పిల్ల వల్లే ఆడింది, పేరు మాత్రం మార్ష్‌కు! పక్కనే మెట్లమీద కూర్చుని ఆయన వింటూనే ఉంటాడు.

ఇక ఈ రెండు సినిమాలకూ డాన్సులు కూర్చిన బస్బీ బెర్క్‌లీ సంగతి. కెమెరాను కప్పు దగ్గరికి ఎక్కించి, కింద డజన్లకొద్దీ అమ్మాయిలను పువ్వులా విచ్చుకునేట్టు చేస్తాడు. కథ ప్రకారం ఇదంతా నాటకం స్టేజీ మీదే జరగాలి. టికెట్ కొన్న పెద్దమనిషికి ఆ పువ్వు కనబడాలంటే హాలు కప్పుకు వేలాడాల్సిందే! ఈ అబద్ధాన్ని ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోను.

అయితే అదే బెర్క్‌లీ ‘గోల్డ్ డిగ్గర్స్’ చివరి పాటలో మొదటి ప్రపంచయుద్ధ సైనికులను చూపించాడు. ముందు కవాతు, తర్వాత గాయాలు, ఆపైన తిండి కోసం క్యూ. ఆ యుద్ధంలో పనిచేసినందుకు ఇస్తామన్న బోనస్ అడగడానికి వాషింగ్టన్ చేరిన మాజీ సైనికులను ప్రభుత్వం సైన్యంతోనే తరిమేయించింది 1932లోనే. హాల్లో ఉన్నవాళ్ళకు ఆ సంగతి ఇంకా పచ్చిగానే ఉంది. దాన్ని వాళ్ళు ఉత్త డాన్సుగా చూసి ఉంటారని నేననుకోను.