ఎపిసోడ్ 41: తల ఊపాడంటే వస్తాడనా?

కిరణ్: అక్కా, ఆ ఫ్యాన్ కాస్త ఆపు. పోయినసారి మెసేజ్‌లు చదివావుగా.

ఉమ: ఆపితే నేను చస్తాను. మన వైజాగ్ ఉక్కపోత తెలిసినవాళ్ళెవరూ ఫ్యాన్ మోత గురించి మాట్లాడరు. నమస్కారమండీ, నేను ఉమ.

కిరణ్: నేను కిరణ్. పచ్చ గొడుగు గురించి అడిగిన వాళ్ళందరికీ... ఇంకా దొరకలేదు.

ఉమ: దొరకదు కూడా.

కిరణ్: సరే, ఈవారం బాడీ లాంగ్వేజ్. మనిషి వాలకాన్ని బట్టి మాట్లాడే తీరు ఎలాంటిదో ఎలా పట్టుకోవాలి అని. నాలుగు రకాలట. అన్నిటికీ తలొంచేవాడు, వీడు భుజాలు ముడుచుకుని నేల చూపులు చూస్తాడు. మీదమీదకి వచ్చేవాడు, వేలు మన మొహం మీదే ఉంటుంది. పైకి నవ్వుతూ లోపల పళ్ళు కొరికేవాళ్ళు మూడో రకం...

ఉమ: మా మూడో ఆడపడుచు.

కిరణ్: చుట్టరికాలు వద్దక్కా, వింటారు. నాలుగోవాడు సూటిగా మాట్లాడతాడు. నిటారుగా కూర్చుని, కళ్ళలోకి చూసి, గొంతు పెంచకుండా. ఇంతకీ అసలు పాయింట్ ఏంటంటే, మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతమే. మిగతా 93...

ఉమ: ఆగు. ఆ లెక్క మళ్ళీ తెచ్చావా?

కిరణ్: ప్రతి ట్రైనింగ్‌లోనూ చెప్తారక్కా. మాటలు 7, గొంతు 38, మొహం 55.

ఉమ: చెప్తారు. 1967లో మెహ్రాబియన్ అనే ఆయన చేసిన ప్రయోగాలవి. ఒకదాంట్లో 'మే బీ' అనే ఒక్క మాటని రకరకాల గొంతుల్లో వినిపించి, మొహాల ఫొటోలు చూపించి, ఈ మనిషికి ఎదుటివాళ్ళంటే ఇష్టమా కాదా చెప్పండి అన్నారు. అంతే. ఇష్టాయిష్టాల సంగతి వరకే ఆ లెక్క అని ఆయనే చెప్పుకున్నాడు. నీ 93 నిజమైతే బీచ్‌లో కలకత్తా టూరిస్టులు మాట్లాడుకునే బెంగాలీ మనకి ముప్పాతిక పైనే అర్థమైపోవాలి.

కిరణ్: వాళ్ళు మురీ మిక్చర్ రేటు దగ్గర బేరం ఆడితే అర్థమవుతుంది.

ఉమ: అదీ నీ లెక్కేనా? పైగా మనది ఆడియో. మొహం వాటా 55 శాతం పోయింది. జనం మిగిలిన 45 వింటున్నారన్నమాట.

కిరణ్: అందులో సగం ఫ్యాన్.

(నవ్వులు)

ఉమ: అసలు తేడా లేని సైగలంటే మా నాన్నవి. పోర్ట్‌లో క్రేన్ కింద నిలబడి...

కిరణ్: వచ్చేసింది క్రేన్. ఎన్నో నిమిషం ఇది?

ఉమ: చూపుడు వేలు పైకి పెట్టి చిన్న సున్నా చుడితే, ఎత్తు. వేలు కిందికి పెట్టి తిప్పితే, దించు. పైన కేబిన్‌లో ఉన్నవాడికి బిహారీ అయినా ఒడియా అయినా ఒకటే అర్థం. అదీ బాడీ లాంగ్వేజ్ అంటే. మొన్న మా ఇంటికి వచ్చిన ఇన్వర్టర్ అబ్బాయిలాగా కాదు.

కిరణ్: ఏం చేశాడు?

ఉమ: "రేపు పదికి వస్తావా బాబూ" అంటే తల ఇలా ఊపాడు.

కిరణ్: ఎలా?

ఉమ: ఇదిగో, ఇలా.

కిరణ్: అక్కా, ఆడియో.

ఉమ: పక్కకి. కుడికీ ఎడమకీ, కాస్త వాలుగా, రెండు మూడుసార్లు. అంటే వస్తానని కదా? రాలేదు.

కిరణ్: వస్తానని ఎవరన్నారు? అది "వినబడిందండీ" అని. ఒక్కసారి పక్కకి వంచి కళ్ళు మూసి తెరిస్తే మాటిచ్చినట్టు. బ్యాగు జిప్పు పెట్టుకుంటూ మూడుసార్లు ఊపాడంటే, "ఇక నన్ను పోనివ్వండి" అని. జిప్పు పెట్టుకుంటున్నాడా?

ఉమ: ...స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంటున్నాడు.

కిరణ్: అయిపోయింది. ఇక రాడు.

ఉమ: నేను పదో క్లాసు దాకా కూచిపూడి నేర్చుకున్నాను, తల కదలికలు నాకు చెప్పకు. అభినయ దర్పణం అని నాట్యం మీద పాత గ్రంథం, అందులో తలకి తొమ్మిది కదలికలున్నాయి. కాదు, లేదు అనడానికి 'ధుతం', అడ్డంగా తిప్పడం. వాడు ఊపింది అది కాదు, 'పరివాహితం'. వింజామర వీచినట్టు అటూ ఇటూ. దాని వాడకాల్లో అనుమోదనం ఉంది. ఒప్పుకోవడం!

కిరణ్: ఇంకా ఏమున్నాయి ఆ వాడకాల్లో?

ఉమ: మోహం, విరహం, స్తోత్రం, సంతోషం...

కిరణ్: ఇన్వర్టర్ దగ్గర విరహం ఎందుకొస్తుందిలే. ఇంకా?

ఉమ: ...విచారం.

కిరణ్: అంటే?

ఉమ: ఆలోచించడం.

కిరణ్: చూశావా! ఒప్పుకున్నా అదే, ఆలోచిస్తున్నా అదే. శాస్త్రం రాసినవాళ్ళే రెండూ ఒక తలలో పెట్టారు. మరి వాడి తప్పేముంది పాపం?

ఉమ: నువ్వు వాడి తరఫున ఎందుకు మాట్లాడుతున్నావు?

కిరణ్: ఎందుకంటే మా సూపర్‌వైజర్ ముందు నేనూ అదే ఊపుతాను. "ఆదివారం వస్తావా" అంటే కాదనలేం, అవుననలేం. తల ఊపుతాం. ఆయనకీ తెలుసు, అందుకే శనివారం మళ్ళీ ఫోన్ చేస్తాడు.

ఉమ: నేనూ ఫోన్ చేయాల్సిందంటావు.

కిరణ్: తొమ్మిదిన్నరకి.

ఉమ: క్రేన్ దగ్గర ఇలా ఊపితే కంటైనర్ మీద పడుతుంది. అక్కడ రూలేంటో తెలుసా? సిగ్నల్ ఇచ్చేది ఒక్కడే, మిగతా ఎవరు చేతులూపినా ఆపరేటర్ పట్టించుకోడు. కానీ 'ఆపు' సైగ మాత్రం ఎవరు చూపించినా ఆపాల్సిందే. ఊడ్చేవాడు చూపించినా సరే.

కిరణ్: అయితే ఇదిగో నేను చూపిస్తున్నాను. అరచెయ్యి కిందికి, అటూ ఇటూ. ఆపక్కా.

ఉమ: (నవ్వుతూ) అంతా వంకర. మా నాన్న చూస్తే రేపటి నుంచి పనికి రావద్దంటారు.

కిరణ్: ఎలా ఉన్నారు ఇప్పుడు?

ఉమ: బాగానే. చెవి బాగా తగ్గింది. అన్నేళ్ళ మోత కదా. మిషన్ పెట్టుకోమంటే గుయ్‌మంటోందని తీసేస్తారు. అమ్మ అరిచీ అరిచీ విసిగిపోయి ఇప్పుడు సైగలే. భోజనాల దగ్గర గరిటె పట్టుకుని చూస్తుంది. ఆయన వేలు కిందికి పెట్టి తిప్పితే, వడ్డించు. దాని మీద రెండో చెయ్యి అడ్డంగా పెడితే...

కిరణ్: పెడితే?

ఉమ: నెమ్మదిగా అని. కొంచెమే వెయ్యి అని. అది కూడా క్రేన్ సైగే. అమ్మకి ఎవరూ నేర్పలేదు.

కిరణ్: ...

ఉమ: ఏంటి, మాట్లాడవు?

కిరణ్: ఏం లేదక్కా. బాగుంది.

ఉమ: టీవీ సౌండ్ మాత్రం మద్దిలపాలెం దాకా వినిపిస్తుంది.

కిరణ్: సరే, టాపిక్‌కి వద్దాం. అబద్ధం చెప్పేవాళ్ళని కళ్ళు చూసి పట్టేయొచ్చు...

ఉమ: పట్టలేం. 2006లో బాండ్, డిపాలో అని ఇద్దరు, అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, జనం నిజమో అబద్ధమో సరిగ్గా చెప్పింది సగటున 54 శాతమే అని తేలింది. బొమ్మా బొరుసూ వేసినట్టే.

కిరణ్: నేనేం చెప్పినా కొట్టేస్తావు. రాత్రి రెండు దాకా కూర్చుని నోట్స్ రాసుకున్నాను. ఇంకా నాలుగు పేజీలున్నాయి ఇక్కడ.

ఉమ: కోపమొచ్చిందా? చేతులు కట్టేసుకున్నావు. నీ పుస్తకాల ప్రకారం అది మనసు మూసేసుకోవడం కదూ?

కిరణ్: చొక్కా మీద సాంబార్ పడిందక్కా. మీ ఇంట్లోనే.

ఉమ: ఏదీ... అయ్యో, ఎప్పుడు?

కిరణ్: నువ్వు ఇడ్లీ పట్టుకుని క్రేన్ చూపించినప్పుడు.

(నవ్వులు)

ఉమ: నిమ్మకాయ రుద్దు, పోతుంది. ఆ నాలుగు పేజీల్లో ఏముంది, చదువు. నేను మాట్లాడను.

కిరణ్: షేక్‌హ్యాండ్ గురించి ఒక పేజీ, కాళ్ళు ఎటు తిరిగి ఉన్నాయనేది ఒక పేజీ. మనసు ఎటుంటే పాదాలు అటు తిరుగుతాయట.

ఉమ: నీవి గుమ్మం వైపున్నాయి.

కిరణ్: బి షిఫ్ట్ అక్కా. గాజువాక వెళ్ళేసరికి ఒంటిగంటన్నర అవుతుంది.

ఉమ: ఇదొక్కటీ చెప్పనీ. రెండు క్రేన్లు కలిసి ఒకే బరువు ఎత్తాల్సి వస్తే...

కిరణ్: వచ్చేవారం. ఆ డబ్బాలో జంతికలున్నాయా?

ఉమ: ఉన్నాయి. బస్సులో తింటావా, పొట్లం కట్టనా?