బిగింపుకు ఒక కొలత

శ్రోతలకు నమస్కారం.

కారు చక్రం మార్చాక నట్లు ఎంత బిగించాలి? గట్టిగా బిగించాలని చాలామంది జవాబు. కానీ ఎవరి గట్టిదనం వారిది. పొడవాటి స్పానరు మీద కాలు పెట్టి తొక్కే మనిషి బిగింపు వేరు, పొట్టి స్పానరును చేత్తో తిప్పే మనిషి బిగింపు వేరు. బిగింపు తక్కువైతే నట్టు ప్రయాణంలో వదులవుతుంది. ఎక్కువైతే మరలు, అంటే నట్టు బోల్టుల మీది మెలికల గాడులు, చెడిపోతాయి, బోల్టు సాగి బలహీనపడుతుంది, తరువాత ఎప్పుడో తెగుతుంది. ఈ అంచనాల బెడద లేకుండా చేసే పనిముట్టు టార్క్ రెంచి.

బిగించినప్పుడు బోల్టు కంటికి కనిపించనంత సాగుతుంది. సాగిన బోల్టు మళ్లీ తన పొడవుకు రావాలని లాగుతూ ఉంటుంది. ఆ లాగుడే రెండు భాగాలనూ అదిమి పట్టి ఉంచుతుంది. దాన్ని నేరుగా కొలవడం కష్టం కాబట్టి నట్టును తిప్పడానికి పట్టే బలాన్ని కొలుస్తాం. అదే టార్క్. దాని కొలమానం న్యూటన్ మీటరు. అర మీటరు పిడి చివర ఇరవై కిలోల బరువు మోపితే 98 న్యూటన్ మీటర్లు. చాలా కార్ల చక్రాల నట్లకు అడిగేది 90 నుంచి 130 మధ్యలోనే. స్పార్క్ ప్లగ్‌కు మాత్రం సాధారణంగా 15 నుంచి 30 చాలు. మీ బండికి కచ్చితమైన అంకె ఎంతో దాని మాన్యువల్‌లోనే చూడాలి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. మనం పెట్టే బలంలో సుమారు తొంభై శాతం నట్టు కింద, మరల మధ్య రాపిడికే ఖర్చవుతుంది. బోల్టును సాగదీయడానికి మిగిలేది పదో వంతు మాత్రమే. అందువల్ల పొడి మరలకు చెప్పిన అంకెను నూనె రాసిన మరలకు వాడితే రాపిడి తగ్గి, బోల్టు అవసరానికి మించి సాగిపోతుంది. తుప్పు పట్టిన మరల విషయంలో దీనికి పూర్తిగా వ్యతిరేకం జరుగుతుంది. రెంచి సరిపోయిందని చెబుతుంది, భాగాలు మాత్రం వదులుగానే ఉంటాయి. అందుకే బిగించే ముందు మరలను వైరు బ్రష్షుతో శుభ్రం చేయడం రెంచి కొనడమంత ముఖ్యమని నా గట్టి నమ్మకం.

ఇక ఎంపిక. ఒకే రెంచితో అన్ని పనులూ కావు. పెట్టుకున్న బలం రాగానే టిక్కుమనే క్లిక్ రకం రెంచి దాని గరిష్ఠ పరిమితిలో ఇరవై శాతం కంటే దిగువన నమ్మదగినది కాదు. 200 న్యూటన్ మీటర్ల రెంచితో స్పార్క్ ప్లగ్ బిగించబోతే ఆ చిన్న టిక్కు చేతికి తెలియకుండానే దాటిపోతుంది, ఇంజన్ పై మూత లాంటి సిలిండర్ హెడ్‌లోని మెత్తని అల్యూమినియం మరలు పాడవుతాయి. కాబట్టి చక్రాలకూ పెద్ద బోల్టులకూ నట్టును పట్టే సాకెట్‌ను తగిలించే చదరపు మొన అర అంగుళం ఉన్న రెంచి ఒకటి, ఇంజన్‌లోని చిన్న పనులకు దానికంటే చిన్నది మరొకటి ఉండాలి. ముందుగా ఒక్కటే కొనగలిగితే, మీరు తరచుగా చేసే పనికి కావలసిన అంకె రెంచి పరిధికి నడుమ పడేలా చూసుకోండి.

టార్క్ రెంచిలు ముఖ్యంగా మూడు రకాలు. కడ్డీ రకంలో కడ్డీ వంగిన మేరకు సూది అంకెను చూపుతుంది. లోపల అరిగేవి, అంటుకుపోయేవి ఏమీ లేవు. సూదికి ఎదురుగా నిలబడి చూడాలి, అంతే. ఇరుకు చోట్లలో అంకె కనబడదన్నదే దాని లోపం. క్లిక్ రకంలో ముందుగా అంకె పెట్టుకుంటాం, ఆ బలం రాగానే పిడి సన్నగా జారినట్టై టిక్కుమంటుంది. డిజిటల్ రకం సౌకర్యమే, బ్యాటరీ గమనించుకోవాలి. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను క్లిక్ రకమే సూచిస్తాను, అయితే కొనేటప్పుడు దాని క్రమసంఖ్యతో వచ్చే పరీక్ష పత్రం ఉందో లేదో చూడండి. ఐఎస్‌ఓ 6789 ప్రమాణం ప్రకారం, 10 న్యూటన్ మీటర్లు మించిన సామర్థ్యమున్న క్లిక్ రెంచిలో తేడా నాలుగు శాతం లోపే ఉండాలి.

వాడేటప్పుడు పిడి మధ్యలో పట్టుకుని, కుదుపు లేకుండా నెమ్మదిగా లాగండి. టిక్కు వినగానే ఆపేయండి. ఆ శబ్దం హెచ్చరిక మాత్రమే, అది బిగింపును ఆపదు. అనుమానం తీరక రెండోసారి, మూడోసారి లాగితే బిగింపు పెరుగుతూనే పోతుంది. చక్రం నట్లను ఎదురెదురుగా, రెండు విడతల్లో బిగించి, యాభై నుంచి వంద కిలోమీటర్లు నడిపాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

నేను బతిమాలి చెప్పే మాట ఒకటుంది. దయచేసి ఈ రెంచితో పట్టేసిన నట్లను విప్పకండి. త్రాసుతో మేకులు కొట్టము కదా. విప్పడానికి పొడవాటి బ్రేకర్ బార్ వేరే ఉంది.

పని ముగిశాక క్లిక్ రెంచిని స్కేలుపై ఉన్న కనిష్ఠ అంకెకు తగ్గించి పెట్టాలి. స్ప్రింగును నెలల తరబడి నొక్కి ఉంచితే అది బలం కోల్పోతుంది, అసలు బలం రాకముందే టిక్కుమంటుంది. కనిష్ఠం కంటే దిగువకు మాత్రం తిప్పకండి, లోపలి భాగాలు వదులై స్థానం తప్పవచ్చు. పొడి గుడ్డతో తుడిచి పెట్టెలో ఉంచాలి. పెట్రోలులో ముంచి కడగడం, పిడిలోపల నూనె పోయడం వద్దు, లోపలి గ్రీజు కరిగిపోతే కొలతే మారుతుంది. చాలాకాలం పక్కన పడి ఉన్న రెంచిని తక్కువ అంకె దగ్గర నాలుగైదుసార్లు టిక్కుమనిపించి వాడితే గ్రీజు సర్దుకుంటుంది.

ఎక్కువగా వాడేవారు 5,000 బిగింపులకో, 12 నెలలకో, ఏది ముందైతే అప్పుడు, దాన్ని కాలిబ్రేషన్ చేయించాలి, అంటే ప్రామాణిక పరికరంతో పోల్చి కొలతను సరిచూపించాలి. గట్టిగా కింద పడినా అంతే. ఈలోగా అనుమానం వస్తే ఇంట్లో సుమారుగా పరీక్షించవచ్చు. కడ్డీ రెంచి తలను బల్లకు బిగించిన పట్టకారు లాంటి వైస్‌లో అడ్డంగా బిగించి, తల నడుమ నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో ఉండే పిడి మధ్యకు పది కిలోల బరువు వేలాడదీస్తే సూది దాదాపు 39 న్యూటన్ మీటర్ల మేర కదలాలి. బరువు కట్టకముందే రెంచి సొంత బరువుకు సూది ఎంత కదిలిందో చూసి, అది తీసేయడం మరవకండి. తేడా ఎక్కువగా ఉంటే సొంతంగా విప్పి సరిచేయబోకుండా కాలిబ్రేషన్ కేంద్రానికి పంపండి.

సెలవు.