కొండ మీది ఊరు, లోయలోని ఇల్లు

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఇటలీ వెళ్లొచ్చిన మనిషి రోమ్ గురించి, వెనిస్ గురించి చెబుతాడనుకుంటాం. నేను చెప్పబోయేది టస్కనీలో ఓ పొలం మధ్య రాతి ఇంట్లో గడిపిన వారం రోజుల గురించి, అక్కడి నుంచి తీరిగ్గా చూసొచ్చిన కొండ ఊళ్ల గురించి.

ముందు ఆ ఇంటి సంగతి. పొలాల్లో యాత్రికులకు బస ఇవ్వడాన్ని అక్కడ ‘అగ్రితురిస్మో’ అంటారు. 1985లో దానికో చట్టమే చేశారు. అలాంటి ఇళ్లలో చాలావాటిలో ఒకప్పుడు కోరుకు సాగుచేసుకునే కుటుంబాలుండేవి. పండినదాంట్లో సగం ఆసామికి, సగం వాళ్లకు. కొత్తగా అలాంటి ఒప్పందాలు రాసుకోకూడదని 1964లో చట్టం వచ్చింది. అప్పటికే పిల్లలు ఫ్యాక్టరీ పనులకు పట్నం దారి పట్టారు, ఇళ్లు పాడుబడ్డాయి. మరి ఆసాములు ఎక్కడుండేవారు? ఎక్కువగా కొండ మీది ఊళ్లలో, లేదంటే సియెనా, ఫ్లోరెన్స్ నగరాల్లో. ఇది తెలిశాక, పొద్దున్నే కిటికీ తెరిస్తే కనబడే ఆ ఊరు నాకు వట్టి అందమైన బొమ్మలా అనిపించలేదు.

మన కొండపల్లిలో కోట పైన, ఊరు కింద. అక్కడ ఊరికి ఊరే కొండెక్కింది. శత్రుభయం ఒక కారణం. లోయల్లో చిత్తడి నేలలు, వాటివల్ల వచ్చే జ్వరాలు ఇంకో కారణం. మలేరియా అనే మాట పుట్టిందే ఇటాలియన్‌లో ‘చెడ్డ గాలి’ అన్న మాటల్లోంచి.

సాన్ జిమిన్యానోలో ఒకప్పుడు 72 బురుజులుండేవని చెబుతారు. కలిగిన కుటుంబాలు ఒకరి మీద ఒకరు పంతంతో కట్టుకున్నవి. ఇప్పుడు 14 మిగిలాయి. 1348లో ప్లేగు ఊరిని ఊడ్చేసింది. కొద్ది ఏళ్లకే ఫ్లోరెన్స్ ఏలుబడిలోకి పోయింది. పాతవి పడగొట్టి కొత్తవి కట్టుకునే స్తోమత లేక ఆ ఊరు అలాగే నిలిచిపోయింది. మనం ముచ్చటపడి చూసేది ఒక ఊరి పేదరికం మిగిల్చిన రూపాన్ని. ఆ మాట మనసులో పెట్టుకుని ఆ వీధుల్లో నడవాలని నా మనవి. పగటి బస్సులు వెళ్లిపోయాక వెళ్లండి, అడుగుల చప్పుడు వినిపిస్తుంది.

నా మనసు చిక్కుకున్నది మాత్రం పియెంజాలో. దాని పాత పేరు కొర్సిన్యానో. 1405లో అక్కడ పుట్టిన పిల్లవాడు 1458లో రెండో పియస్ పేరుతో పోప్ అయ్యాడు. బెర్నార్దో రొసెల్లినో అనే వాస్తుశిల్పిని పిలిపించి, మూడు నాలుగేళ్లలోనే పుట్టిన ఊరి నడిబొడ్డును కొత్తగా కట్టించాడు. ఊరికి తన పేరే పెట్టుకున్నాడు. చర్చిలోకి ధారాళంగా వెలుతురు రావాలన్నాడు. ఆ తెల్లని గోడల మీద ఎవరూ బొమ్మలు వేయకూడదని 1462లో శాసనం రాయించాడు. ఆ చర్చి వెనక భాగం కొండ అంచున మట్టిలోకి కుంగుతూనే ఉంది. లోపల నిలబడితే నేల వాలు కాళ్లకు తెలుస్తుంది.

పక్కనే ఆయన భవనం. వెనకవైపు మూడు అంతస్తుల వసారాలు, కింద తోట, ఎదురుగా ఓర్చా లోయ, దూరాన అమియాతా కొండ. ఊరి గోడల లోపలికి కాకుండా బయట పొలాల వైపు చూసేలా కట్టించుకున్న ఇల్లు అది. చీకటి పడే వేళ నేనూ ఊరి అంచున గోడకు ఆనుకుని నిలబడి, లోయలో నేను దిగిన ఇల్లు ఎక్కడుందా అని వెతికాను. సైప్రస్ చెట్ల వరుస చివర, వంటింటి దీపాన్ని బట్టి గుర్తుపట్టాను.